కాకినాడ నుంచి పోర్ట్ లూయీ దాకా

మారిషస్ వెళ్లొచ్చిన మనవాళ్లని కదిపితే బీచ్‌ల గురించి చెప్తారు, ఏడు రంగుల మట్టి గురించి చెప్తారు, గంగా తలావ్ అనే పుణ్య సరస్సు గురించి చెప్తారు. పోర్ట్ లూయీ గురించి అడిగితే షాపింగ్‌కి ఒక పూట వెళ్లామంటారు. విమానాశ్రయం దీవికి ఆగ్నేయం కొసన ఉంది, హోటళ్లేమో బీచ్‌ల వెంట. రాజధానితో పెద్దగా పని పడదు. మేం వచ్చింది తెరచాప పడవలో. పడవలో వచ్చేవాళ్లు ముందు పోర్ట్ లూయీ రేవులో కాగితాలు చూపించుకుని తీరాలి. అలా తప్పనిసరై దిగిన ఊరు ఇప్పటిదాకా ఆగిన అన్ని ఊళ్లకంటే గట్టిగా నన్ను పట్టుకుంది. అందుకే ఈ పోస్టు కాస్త పొడుగు.

కొత్తగా చదువుతున్నవాళ్లకి రెండు ముక్కలు. నాది కాకినాడ, మా ఆయనది వరంగల్. ఉద్యోగాలు పెర్త్‌లో. అక్కడి స్వాన్ నదిలో తెరచాప నడపడం నేర్చుకున్నాం, తర్వాత ఫ్రీమాంటిల్ నుంచి సముద్రంలోకి వెళ్లడం అలవాటు చేసుకున్నాం. పాపకి పదకొండేళ్లు, బాబుకి ఏడు. ఇద్దరి చదువూ ఈ ఏడాది పడవలోనే. పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి కోకోస్ దీవులు, అక్కణ్ణుంచి రోడ్రిగ్స్, మారిషస్, రీయూనియన్, చివరికి డర్బన్. హిందూ మహాసముద్రం దక్షిణాన నవంబరు నుంచి తుఫాన్ల కాలం మొదలవుతుంది కాబట్టి, మా లెక్కలన్నీ ఆ నెలకి ముందే ఈ నీళ్లు దాటెయ్యాలని.

కోకోస్ నుంచి రోడ్రిగ్స్ దాకా ఇంచుమించు 2,000 నాటికల్ మైళ్లు. ఆగ్నేయం గాలి రోజుల తరబడి ఒకే పట్టున వీస్తుంది, అది మంచిదే. చిక్కంతా అలల దగ్గర. గాలి లేపే అలలు ఒక పక్కనుంచి వస్తుంటే, ఎక్కడో దక్షిణాన పుట్టిన నిడుపాటి అలలు అడ్డంగా వచ్చి వాటిని కొడతాయి. పడవ ఎటు ఒరుగుతుందో ముందుగా తెలియదు. కుక్కర్‌ని స్టవ్‌కి బిగించి పప్పూ అన్నం ఒకేసారి పెట్టేసేదాన్ని. ఆకుకూరలు మొదటి వారంలోనే అయిపోయాయి. ఆ తర్వాత ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కాబేజీ, డబ్బాలో మొలకెత్తించిన పెసలు. రాత్రి కాపలా నేనూ ఆయనా మూడేసి గంటలు వంతులు వేసుకున్నాం. మధ్యలో ముందు తెరచాప కుట్టు ఒక మూర పొడుగున విడిపోయింది. దాన్ని దించి చిన్న తెరచాపతోనే మిగతా దారి నెట్టుకొచ్చాం.

రోడ్రిగ్స్ నుంచి మారిషస్ దగ్గరే, 350 మైళ్ల లోపు. దీవిని ఉత్తరం వైపు నుంచి చుట్టి రావాలి. కోయన్ ద మీర్ అనే రాతి దీవి పక్కనుంచి మలుపు తిరిగామో లేదో, అలలు అణిగిపోయాయి. గాలిని కొండలు ఆపేస్తాయి. అన్ని రోజుల తర్వాత టేబుల్ మీద పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంది. బాబు ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు. ఎడమ చేతి వైపు కొండల వరుస. అందులో పీటర్ బోత్ శిఖరం, నెత్తిన బిందె పెట్టుకుని నిలబడ్డ మనిషిలా, కొస మీద ఒక పెద్ద గుండుతో కనిపిస్తుంది. దాని వరుసలోనే బొటనవేలు ఎత్తినట్టుండే ల పూస్. 1836లో డార్విన్ ఎక్కిన కొండ అదేనని పాప పుస్తకం చూసి చెప్పింది.

పోర్టు వాళ్లని రేడియోలో పిలిచి, తనిఖీలు ఇంకా కాలేదని తెలిపే పసుపు జెండా ఎగరేసి, కస్టమ్స్ గట్టుకి పడవ కట్టాం. ఆరోగ్య శాఖ, కోస్ట్ గార్డ్, కస్టమ్స్, ఇమిగ్రేషన్, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఎక్కడ బయల్దేరారు, ఎంతమంది, ఎవరికైనా జ్వరం వచ్చిందా, దారిలో ఎవరైనా చనిపోయారా. ఆ చివరి ప్రశ్న ఫారంలో అచ్చేసి ఉంటుంది, ప్రతి రేవులోనూ అడుగుతారు. మేం ‘లేదు’ అని టిక్కు పెట్టాం. పాస్‌పోర్టుల మీద ముద్రలు పడ్డాయి. మధ్యాహ్నానికి పసుపు జెండా దించి, కూతవేటు దూరంలో ఉన్న కోడాన్ మరీనాలోకి జరిగిపోయాం. ఈ తతంగం ఇంత వివరంగా ఎందుకు రాశానో కాస్త ఆగితే తెలుస్తుంది.

మొదటి రోజులన్నీ పనులకే పోయాయి. బట్టలు ఉతకడం, నీళ్ల ట్యాంకులు కడగడం, ఇంజను ఆయిలు మార్చడం, తెరచాప కుట్టేవాళ్లని వెతకడం. పడవ జీవితం అంటే సూర్యాస్తమయాలు అనుకునేవాళ్లకి చెప్తున్నా, రేవులో ఉన్నన్నాళ్లూ ఇదే జీవితం. కాకపోతే ఇక్కడ మార్కెట్ నడిచివెళ్లే దూరంలో ఉంది. అక్కడికి మాత్రం రోజూ వెళ్లాం.

పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్లో ఆకుకూరల వరుస చూసి నాకు కళ్లు చెమర్చాయి. మునగాకు కట్టలు, తోటకూర, కరివేపాకు, కొత్తిమీర, బెండకాయలు, బీరకాయలు, కాకరకాయలు, సొరకాయలు, బెంగళూరు వంకాయలు. ఆకుకూరల్ని వీళ్లు బ్రెద్ అంటారు. అన్నంలోకి బ్రెద్, పప్పు, పచ్చడి ఉంటే చాలు ఇక్కడి ఇళ్లలో భోజనం అయినట్టే. పెర్త్‌లో వారానికోసారి ఇండియన్ షాపులో దొరికే వాడిపోయిన మునక్కాడలకి అలవాటుపడ్డదాన్ని, ఇంత తాజా మునగాకు చూసి ఎన్నాళ్లయిందో. ఆ పూట పడవలో మునగాకు పప్పు చేశాను. పిల్లలు మాట్లాడకుండా తిన్నారు.

మార్కెట్ చుట్టూ వీధుల్లో ధాల్ పూరీ బళ్లు. ఉడికించిన శనగపప్పు పొడి కూరిన పల్చటి రొట్టె, మెత్తగా ఉంటుంది. అందులో గింజల కూర, టమాటా కూర, పచ్చడి వేసి, రెండేసి చొప్పున కాగితంలో చుట్టి ఇస్తారు. ఒక్కటి కావాలంటే వింతగా చూస్తారు. గాతో పిమాన్ అని అమ్మేది మన పప్పు వడే, కాస్త చిన్నది. దాన్ని వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని పొద్దున్నే తింటారు. అలూదా అని సబ్జా గింజలు వేసిన చల్లటి పాలు. ఊళ్లోని మ్యూజియంలో ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షి ఉంది కదా అని వెళ్తే, బాబుకి డోడో కన్నా అలూదానే ఎక్కువ గుర్తుండిపోయింది.

పనులు తెమిలాక ఒక పొద్దున నలుగురం గట్టు వెంట ఉత్తరం వైపు నడిచాం. పది నిమిషాలు. అక్కడ ఉంది ఆప్రవాసీ ఘాట్.

1834 నుంచి 1920 దాకా ఇంచుమించు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలుగా ఇండియా నుంచి ఈ రేవుకి వచ్చారు. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకి చేతులు కావాలి. కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుంచి ఓడలు నింపుకొచ్చారు. మన వైపు నుంచి కోరంగి, విశాఖపట్నం రేవుల్లోనూ ఎక్కారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవాళ్లు. దిగినవాళ్లని లెక్క రాసుకుని తోటలకి పంచడానికి 1849లో ట్రూ ఫాన్‌ఫారోన్ అనే చోట డిపో పెట్టారు. అదే ఈ ఘాట్. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు.

చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పక్కనుంచి మోటర్‌వే వేసినప్పుడు కొంత పోయింది. పాత కట్టడంలో ఇప్పుడున్నది ఆరో వంతు కూడా కాదు. వంటశాల గోడలు, ఆసుపత్రి గదుల భాగం, కూలీల్ని పెట్టిన షెడ్ల పునాదులు, గేటు. రేవు వైపు నల్లరాతి మెట్లు. ఓడ దిగి పడవల్లో గట్టుకి వచ్చినవాళ్లు ఈ మెట్లెక్కే లోపలికి వచ్చారు. రెండు మూడు రోజులు ఇక్కడ ఉంచేవారు. ఒక్కొక్కరికి ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీద గుర్తులు, అన్నీ పుస్తకంలో ఎక్కేవి. 1860ల నుంచి ఫోటో కూడా తీశారు. ఆ నంబరూ ఫోటో ఉన్న టికెట్టు జేబులో లేకుండా బయట దొరికితే జైలే.

ఐదేళ్ల ఒప్పందం. మగవాళ్లకి నెలకి ఐదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత.

వివరణ కేంద్రంలో ఓడ లోపలి భాగం నమూనా కట్టి పెట్టారు. మా పాప దానిముందు చాలాసేపు నిలబడింది. “అమ్మా, వీళ్లకి పడవ ఎటు వెళ్తోందో తెలుసా?” అని అడిగింది. కొందరికి తెలుసు, కొందరికి చెప్పింది వేరు, అన్నాను. “మరి లోపల ఉంటే వాంతులు రావా?” తనకి వచ్చాయి. కోకోస్ దాటాక నాలుగు రోజులు కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవాళ్లు బయట కూర్చునే చోట, బకెట్టు పక్కనే పడుకుంది. గాలి తగిలేలా, దూరాన నీటి గీత కనపడేలా నేను కూర్చోబెట్టేదాన్ని. ఓడ కింది అంతస్తులో వందల మంది మధ్య పడుకున్న పదకొండేళ్ల పిల్లకి నీటి గీత ఎవరు చూపిస్తారు?

తోటలు, కూలి, కోతల సంగతి కాకినాడలో ఉండగా పుస్తకాల్లో కొంత చదివినదాన్నే. ఆ సముద్రం ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే తెలిసింది. మా దగ్గర జీపీఎస్ ఉంది, వాతావరణ సూచన రోజూ ఉపగ్రహం ద్వారా వస్తుంది, అత్యవసరమైతే నొక్కడానికి ఒక బటన్ ఉంది. అన్నీ ఉండి కూడా, చీకట్లో అడ్డపు అల వచ్చి కొట్టి పడవ పక్కకి పడుకున్నప్పుడు నా కడుపులో పుట్టిన భయం నాకు తెలుసు. కస్టమ్స్ గట్టు మీద మమ్మల్ని అడిగిన ప్రశ్నలే ఇక్కడ వాళ్లనీ అడిగారు. ఎక్కడినుంచి, ఎంతమంది, జ్వరాలు, చావులు. మాకు ముద్ర కొట్టి స్వాగతం అన్నారు. వాళ్ల మెడలో నంబరు పడింది.

కోరంగి మా ఇంటికి అరగంట దారి. చిన్నప్పుడు మడ అడవులు చూపించడానికి స్కూలు వాళ్లు తీసుకెళ్లారు, పక్షుల పేర్లు చెప్పారు. 1839 తుఫానులో కోరంగి రేవు ధ్వంసమైందని, ఆ తర్వాతే కాకినాడ పెరిగిందని మా నాన్న చెప్పేవారు. ఆ రేవులో ఓడ ఎక్కినవాళ్లు ఎక్కడ దిగారో మాకెవరూ చెప్పలేదు. కోరంగి చూడ్డానికి వచ్చే పిల్లలందరికీ పక్షుల పేర్లతో పాటు ఈ సంగతీ చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

ఘాట్ పక్కనే పాత సైనిక ఆసుపత్రి భవనంలో 2023లో బానిసత్వ మ్యూజియం తెరిచారు. రెండూ కలిపి ఒకే రోజు చూడండి. ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి తెచ్చిన మనుషుల కథ తెలియకుండా కూలీల కథ సగమే అవుతుంది.

తర్వాతి రోజు మార్కెట్లో పాపతో తెలుగులో బేరం గురించి మాట్లాడుతున్నాను. వెనకనుంచి ఒక పెద్దాయన, “అమ్మా, మీరు ఆంధ్ర దేశము నుండి వచ్చినారా?” అన్నారు. ఒక్కో మాటా విడివిడిగా, జాగ్రత్తగా. ఆయన బడిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పిల్లలు కావాలంటే తెలుగు తీసుకోవచ్చు. ఉగాది దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దేశంలోనే జరిగాయి, అప్పుడు కుర్చీలు సర్దిన కుర్రాళ్లలో ఆయనా ఒకరట. తెలుగువాళ్లు పడవలో వచ్చారని చెప్తే ముందు నమ్మలేదు. మరీనాకి వచ్చి, పడవ లోపలికి దిగి, స్టవ్ పక్కన ఆవకాయ సీసా చూసి అప్పుడు కూర్చున్నారు. మా ఆయన ఇచ్చిన టీ తాగుతూ, శనివారం రాత్రి తమ బంధువులింట్లో రామభజనం ఉందని, తప్పక రమ్మని పిలిచారు.

పోర్ట్ లూయీలో మెట్రో ఎక్కి క్యూర్‌పీప్ దాకా వెళ్లాం. అక్కడినుంచి మాస్టారి అల్లుడు కారులో తీసుకెళ్లాడు. దారంతా చెరకు, కోతలు నడుస్తున్న రోజులు. ఇంటి ముందు టార్పాలిన్ పందిరి, మామిడాకులు. మధ్యలో నిలువెత్తు ఇత్తడి దీపస్తంభం, దాని చుట్టూ పూలు. పొద్దుపోయాక మొదలుపెట్టారు. మద్దెల, తాళాలు. మగవాళ్లు దీపం చుట్టూ అడుగు కలిపి తిరుగుతూ పాడుతున్నారు, ఆడవాళ్లు పక్కన కూర్చుని అందుకుంటున్నారు. రాముడి పాటలయ్యాక సింహాద్రి అప్పన్న పాట ఎత్తుకున్నారు. సింహాచలం కొండ చూడనివాళ్లే అక్కడ చాలామంది. ఆ పాట తాతల నుంచి వచ్చిందని మాత్రం చెప్పగలరు.

నా పక్కన కూర్చున్నావిడకి డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో పాటల పుస్తకం, తెలుగు పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నవి. పుస్తకం తెరవనే లేదు, అన్నీ నోటికొచ్చు. పాట ఆగాక నేను తెలుగులో పలకరిస్తే నవ్వి తల అడ్డంగా ఊపి, క్రియోల్‌లో ఏదో అన్నారు. మాస్టారి అమ్మాయి మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెప్పింది. ఇంట్లో మాట క్రియోల్, ఆఫీసులో ఇంగ్లీషు, టీవీలో ఫ్రెంచి. తెలుగు దేవుడి దగ్గర. మా బాబు నిద్రతో తూలిపోతుంటే ఆవిడే ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. వాడు ‘అవ్వా’ అని పిలిచాడు. దానికి మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది.

పెర్త్‌లో నేను మా పిల్లల తెలుగు గురించి పడే బెంగ అక్కడ కూర్చుని చాలాసేపు ఆలోచించాను. మాది నిన్న మొన్నటి వలస. వాట్సాప్‌లో అమ్మమ్మ ఉంది, ఏడాదికోసారి విమానం ఉంది. అయినా మా పాప నాకు సగం జవాబులు ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఇక్కడేమో ఐదారు తరాలుగా కాగితం లేకుండా, ఇండియాకి తిరిగి వెళ్లే దారి లేకుండా, పొలం పని నుంచి వచ్చి రాత్రంతా దీపం చుట్టూ తిరిగి పాటల్ని నిలబెట్టారు. పద్యం అర్థం తెలియకపోయినా రాగం తప్పలేదు. అర్థం పోయాక మిగిలినదాన్ని తెలుగు అనొచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ పందిట్లో ఒక్క రాత్రి కూర్చుంటే వాళ్లు ఆ ప్రశ్న అడగరని నా నమ్మకం.

తెల్లవారాక అరిటాకుల్లో భోజనం పెట్టారు. గుమ్మడికాయ కూర, పనసకాయ కూర, అరటికాయ, పప్పు, చారు. మా ఆయన చారు మూడుసార్లు అడిగి పోయించుకున్నారు.

భోజనాలయ్యాక మాస్టారు ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చారు. మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇమిగ్రేషన్ రికార్డులన్నీ దాచారు. అక్కడ వెతికించి తీసుకున్న వాళ్ల ముత్తాత కాగితం నకలు. నంబరు ఉంది, ఓడ పేరుంది, తండ్రి పేరుంది, ఎత్తుంది, ఎడమ మోచేతి మీద మచ్చ ఉందని ఉంది. జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు దగ్గరికొచ్చేసరికి దొరగారు చెవికి వినపడ్డట్టు రాసుకున్నాడు. చివర ‘పల్లి’ అని తెలుస్తోంది, ముందున్నది ఎటు చదివినా ఒకలా లేదు. “అమ్మా, మీరు చదివి చెప్పగలరా?” అని ఆయన అడిగారు. ఇరవై ఏళ్లుగా వచ్చిన ప్రతి తెలుగువాణ్ణీ అడుగుతున్నారట.

నేనూ మా ఆయనా మా పాపా ముగ్గురం ఆ అక్షరాల మీద పడ్డాం. ఫోటో తీసి కాకినాడలో నాన్నకి పంపాను. ఆయన రెవెన్యూలో పనిచేసిన స్నేహితులకి పంపారు. అప్పటి విశాఖపట్నం జిల్లా అంటే ఇప్పటి విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలు, ఒడిశాలో కొంత కూడా. సాయంత్రానికి మూడు ఊళ్లు తేలాయి. అందులో ఒకటి బొబ్బిలి వైపు, రెండు పార్వతీపురం వైపు. ఏదన్నది ఇంకా తెలీదు. నాన్న సంక్రాంతి తర్వాత వెళ్లి అడిగొస్తానంటున్నారు. పార్వతీపురం, బొబ్బిలి ప్రాంతంలో పాత గ్రామ పటాలు, ఎస్టేటు రికార్డులు చూసిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే నాకు రాయండి. మాస్టారి అనుమతితో కాగితం చూపిస్తాను.

తెరచాప కుట్టు పూర్తయి వచ్చింది. నీళ్లు, డీజిల్ నింపాం. మునగాకు ఆరబెట్టి పొడి కొట్టాను, నెల రోజులకి సరిపోతుంది. వాతావరణం అనుకూలిస్తే ఈ వారాంతంలోనే రీయూనియన్‌కి బయల్దేరతాం, 130 మైళ్లు, ఒక రాత్రి దారి. అది ఫ్రెంచివాళ్ల దీవి. మన యానాం కూడా అప్పట్లో ఫ్రెంచివాళ్లదే కదా, అక్కడినుంచి తెలుగువాళ్లని రీయూనియన్‌కి తీసుకెళ్లారు. కాకినాడ నుంచి యానాం బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో! ఆ దీవి ముఖ్యపట్టణం సెయింట్ డెనిస్‌లో రికార్డుల ఆఫీసు ఏ వేళల్లో తెరుస్తారో, పిల్లల్ని లోపలికి రానిస్తారో లేదో కనుక్కునే పని పాప తీసుకుంది. అడగాల్సిన ప్రశ్నలు ఫ్రెంచిలో రాసుకుంటోంది, మాస్టారి అమ్మాయి ఫోనులో దిద్దుతోంది.